ఫోటో సంజీవప్ప మింగిన ఆడోళ్ల మాత్ర

1997 మే నెలలో రొద్దంలో జరిగిన ఒక పెళ్లికి పెళ్లికూతురి మేనమామ తిమ్మప్ప మోచేతి దాకా హాజరయ్యాడు. మిగతా మనిషి ఆ పెళ్లికి వచ్చినట్టు ఆధారం లేదు.

ఆధారం అంటే గ్రూపు ఫోటో. అందులో పెళ్లికొడుకు తరఫు వాళ్లు పదకొండు మంది, చంకలో నిద్రపోతున్న పసిబిడ్డతో సహా, పూర్తిగా ఉన్నారు. నడుమ వధూవరులు. పెళ్లికూతురి పక్కన వాళ్లమ్మ. వాళ్లమ్మ భుజం మీద ఒక చెయ్యి. చేతికి గడియారం. ఆ గడియారం తిమ్మప్పది. అందులో టైము పదకొండూ ఇరవై అయింది.

ఆ ఫోటోను న్యూస్ పేపర్లో చుట్టుకొని తిమ్మప్ప రొద్దంలో బస్సెక్కి, పెనుకొండ బస్టాండు పక్కనున్న సంజీవప్ప స్టూడియోలో దిగాడు.

"ఏమప్పా సంజీవప్పా, దీంట్లో నేను యాడ?"

సంజీవప్ప ఫోటోను వెలుతురుకు పట్టి చూశాడు. "ఉండావు కదన్నా, ఇదో."

"అది చెయ్యబ్బా!"

"చెయ్యే. ఫోకస్ బాగా కుదిరింది."

"పిల్లను గంపలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకొచ్చినోణ్ని నేను. ఆ పిల్ల ఏమన్నా పూచికపుల్లా? నడుము ఇప్పటికీ నొస్తాండాది. రేపొద్దున నా మనవడు ఆల్బం తిరగేసి, తాతా, ఈ పెళ్లికి నువ్వు పోలేదా అంటే నేను ఈ గడియారం చూపించాల్నా?"

సంజీవప్ప ఫోటోను వెనక్కి తిప్పి కూడా చూశాడు. మళ్లీ తీస్తానందామంటే పెళ్లి మళ్లీ జరగదు. ఆ రోజుల్లో ఫోటో ఎలా వచ్చిందో రీలు కడిగితే గాని తెలిసేది కాదు. రీలు కడిగేసరికి పెళ్లికూతురు అత్తారింట్లో రెండోసారి అలిగి కూడా ఉండేది.

సంజీవప్పకు అప్పుడు ముప్పై ఆరేళ్లు. మా చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఆయన తియ్యని పెళ్లి పెళ్లి కాదు. గ్రూపు ఫోటోకు మనుషుల్ని నిలబెట్టడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. పొట్టివాళ్లను ముందుకు, పొగరున్నవాళ్లను నడుమకు, మాట్లాడుకోని అన్నదమ్ములను చెరో చివరకు తోసేవాడు. "గాలి పీల్చండి. పట్టండి. వదలద్దు" అని, ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరాకు ఆనించి, జనం మొహాలు వంకాయల రంగుకు తిరిగేదాకా ఆగి నొక్కేవాడు. పదమూడేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు.

ఆ ఒక్క ఎండాకాలం మాత్రం ఫిర్యాదులు వరస కట్టాయి. కొత్తచెరువు పెళ్లిలో పెళ్లికూతురి అవ్వ పోయి ఆమె చేతికర్ర మిగిలింది. ధర్మవరం మగ్గాలవాళ్లింటి పెళ్లిలో పెళ్లికూతురి చిన్నాయన కట్టుకున్న పట్టుపంచె అంచు వచ్చింది, చిన్నాయన రాలేదు. ఎప్పుడూ పోయేది పెళ్లికూతురి తరఫువాళ్లే. తాళి కట్టాక పెళ్లికూతురు పెళ్లికొడుక్కు ఎడమపక్కన నిలబడుతుంది కదా, అంటే కెమెరా ముందున్నవాడికి కుడిపక్క. ఆమె బంధువులంతా ఆ పక్కనే చేరతారు. కుడిపక్క చేరినవాళ్లను చేరినట్టే సంజీవప్ప కత్తిరించేస్తున్నాడు.

జనం దీనికి కారణం వెంటనే కనిపెట్టారు. మగపెళ్లివాళ్లు రహస్యంగా ఏదో ముట్టజెబుతున్నారన్నారు. ఆడపెళ్లివాళ్లతో తిండి దగ్గర ఏదో గొడవ పడ్డాడన్నారు. మా వైపు ఫోటోగ్రాఫర్ని మాట్లాడేది ఆడపెళ్లివాళ్లే కాబట్టి, జూన్ నెల వచ్చేసరికి స్టూడియోలో పాస్‌పోర్టు సైజు ఫోటోలు తప్ప వేరే పని లేకుండా పోయింది.

సంజీవప్ప మాత్రం కెమెరానే అనుమానించాడు. హిందూపురం తీసుకుపోయి రిపేరు చేసే యల్లప్ప ముందు పెట్టాడు. యల్లప్ప దాన్ని విప్పాడు, ఊదాడు, మూశాడు. ఈలోగా సంజీవప్ప షాపులోకి వచ్చేటప్పుడు ఎడమ తలుపును, బల్ల దగ్గరికి పోయేటప్పుడు కుడి స్టూలును, కూర్చునేటప్పుడు టీ గ్లాసును తగులుకున్నాడు.

"కెమెరాకేం రోగం లేదప్పా," అన్నాడు యల్లప్ప గుడ్డతో టీ తుడుస్తూ. "చూసేటోణ్ని విప్పాల."

ఈ మాట ఇంట్లో భార్య భారతికి నవ్వుతూ చెప్పాడు. భారతి నవ్వలేదు. ఆమె ఆర్నెల్లుగా చూస్తూనే ఉంది. పక్కనున్న నీళ్ల చెంబు తన్నేస్తాడు. వీధిలో పక్కనుంచి పలకరించినవాళ్లకు బదులివ్వడు, గర్వం వచ్చిందని పేరు తెచ్చుకున్నాడు. పొద్దున లేస్తే తలనొప్పి. ఇంకొకటి కూడా ఉంది గాని అది నలుగురిలో చెప్పేది కాదు. పెళ్లయి ఏడేళ్లు, పిల్లల్లేరు. ఆ ఏడేళ్లలో భారతిని ముగ్గురు డాక్టర్లకు, ఇద్దరు నాటువైద్యులకు చూపించారు. సంజీవప్పను ఎవరికీ చూపించలేదు. మీసం ఉంది కాబట్టి ఆయనకు పరీక్ష అక్కర్లేదని అందరూ అనుకున్నారు.

మర్నాడే ఆమె ఆయన్ను హిందూపురం కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు సంజీవప్పను తన ముక్కు మీద చూపు నిలపమని, రెండు చేతులూ చెరో పక్క చాచి వేళ్లాడించాడు.

"వేళ్లు కదులుతున్నాయా?"

"ఏ వేళ్లు సార్?"

డాక్టరు చేతులు కొంచెం దగ్గరికి తెచ్చాడు. ఇంకొంచెం. చివరికి చప్పట్లు కొట్టేంత దగ్గరికి వచ్చాక సంజీవప్ప, "ఆఁ, ఇప్పుడొచ్చినాయి సార్" అన్నాడు. డాక్టరు చిరునవ్వు ఆపేసి, బెంగళూరుకు చీటీ రాశాడు.

బెంగళూరులో తలకు స్కాను తీసి, రక్తం తీసి, ఒక డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. ఆమెది చింతామణి వైపు. తెలుగులోకి కన్నడం దిగుతుండేది.

"సంజీవప్పా, ముక్కు వెనకాల, మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. ఒళ్లంతటి మీదా పెత్తనం దానిదే. మీకు దాంట్లో గడ్డ పెరిగింది, చిన్న ఉసిరికాయంత. క్యాన్సర్ కాదు, భయపడొద్దు. అయితే అది పైకి లేచి కంటి నరాలు కలిసే చోట వత్తుతోంది. అందుకే జట్కా గుర్రానికి గంతలు కట్టినట్టు మీకు కుడి కంటికి కుడిపక్క, ఎడమ కంటికి ఎడమపక్క పోయినాయి."

"పిల్లలు..." అంది భారతి.

"దానికీ ఇదే. ఈ గడ్డ ప్రోలాక్టిన్ అని ఒక రసం చేస్తుంది. బాలింతలకు పాలు పడేది దాంతోనే. మగవాళ్లకు ఇరవైలోపు ఉండాలి. ఈయనకు రెండు వేలు దాటింది. అంటే మీ తలకాయలో ఒక మూల, మీరు పిల్లకు పాలిస్తున్నారని గట్టిగా నమ్ముతోంది. పాలిచ్చే తల్లికి వెంటనే ఇంకో కాన్పు రాకుండా ఒళ్లు ఆపుతుంది కదా. మీకూ అట్లే ఆపింది."

సంజీవప్ప తన ఛాతీ వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు. ఏడేళ్లుగా ఊరంతా భారతిని అడిగిన ప్రశ్నకు జవాబు తన ముక్కు వెనకాల దొరికింది. భారతి మాత్రం డాక్టరమ్మనే చూస్తోంది.

"మామూలుగా డోపమిన్ అని ఇంకో రసం వచ్చి, చాలు, ఇక ఆపు అని చెబుతూ ఉంటుంది," అంది డాక్టరమ్మ. "ఈ మాత్ర ఆ డోపమిన్ వేషం కట్టుకొని పోయి అదే మాట చెబుతుంది. బ్రోమోక్రిప్టిన్. చాలామందికి దీంతోనే గడ్డ చిన్నదవుతుంది. మూడు నెలలు చూస్తాము. కండ్లు తెరుచుకుంటే సరి. లేదంటే ముక్కులోంచి పోయి ఆపరేషన్ చెయ్యాల. ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు."

జాగ్రత్తలు కూడా చెప్పింది. మొదట పడుకునే ముందు అర మాత్ర. తర్వాత మెల్లగా పెంచి రోజుకు మూడు. ఎప్పుడూ తిండితో పాటే, ఖాళీ కడుపున వద్దు. వాంతి వచ్చినట్టుంటుంది, తల తిరుగుతుంది, లేస్తే బీపీ పడిపోతుంది, కాబట్టి మంచం మీద కాసేపు కూర్చొని లేవాలి. సారాయి, బ్రాందీ ముట్టకూడదు. లేనివి కనపడినా, పేకాటలాంటి పిచ్చి కొత్తగా పట్టినా, ముక్కులోంచి నీళ్లలాగా కారినా వెంటనే రావాలి. "అన్నిటికన్నా ముఖ్యం, మీ అంతట మీరు ఆపొద్దు. ఆపితే గడ్డ మళ్లీ లేస్తుంది."

సంజీవప్ప అన్నిటికీ తలూపాడు. తలూపడం సులువు. కష్టమంతా పెనుకొండలో మందుల షాపు వెంకటస్వామి దగ్గర మొదలైంది.

వెంకటస్వామి షాపు బస్టాండుకు ఎదురుగా ఉంది. బస్సుల మోతకు అలవాటుపడి ఆయన గుసగుసలు కూడా కేకలేసి చెప్పేవాడు. చీటీ అందుకొని పైకి చదివాడు.

"బ్రోమోక్రిప్టిన్! ఇది ఈడ స్టాకుండదప్పా, హిందూపురం నుంచి తెప్పియ్యాల. ఇది బాలింతలకు పాలు మాన్పించే మాత్ర కదా? కాన్పు ఎప్పుడయింది? ఒక మాటైనా చెప్పలేదే!"

షాపులో ఆరుగురున్నారు. బయట ధర్మవరం బస్సు గర్జిస్తోంది.

"నాకు సామీ," అన్నాడు సంజీవప్ప మెల్లగా.

"ఆఁ?"

"నాకు."

"ఎవురికీ?"

"నాకే సామీ, నాకు!" అని సంజీవప్ప గొంతు చించుకున్నాడు. సరిగ్గా అదే క్షణంలో డ్రైవరు ఇంజను ఆపాడు.

పెనుకొండ పెద్ద ఊరేమీ కాదు. సాయంత్రానికి ఎదురింటి లక్ష్మీనరసమ్మ చిన్న గిన్నెలో వెల్లుల్లి కారం తెచ్చి, "ఎవురికైనా కానీ, బాలింతకు మంచిది" అని గడప మీద పెట్టి పోయింది. సంజీవప్ప దాన్ని పారబొయ్యమన్నాడు. భారతి అన్నంలో కలుపుకొని తినేసింది.

మొదటి మాత్ర వేసుకున్న మర్నాడు తెల్లారి, కాసేపు కూర్చొని లేవాలన్న మాట మర్చిపోయి దిగ్గున లేచి, దండెం మీది బట్టలన్నిటితో సహా నేలమీదికి వచ్చాడు. ఆ తర్వాత మర్చిపోలేదు. వారం తిరిగేసరికి తలనొప్పి తగ్గింది. మూడు వారాలకు పక్కనుంచి పలకరించినవాళ్లకు బదులు చెప్పడం మొదలుపెట్టాడు. భారతి రోజూ అన్నం వడ్డించేటప్పుడు ఆయన వెనక పక్కగా నిలబడి వేళ్లు చూపించేది.

"ఎన్ని?"

"రెండు."

"ఇప్పుడు?"

"మూడు. ముద్ద తిననియ్యవా?"

ఆ వేళ్లు రోజురోజుకూ వెనక్కి జరుగుతూ వచ్చాయి.

శ్రావణం వచ్చింది. ధర్మవరంలో ఒక పెళ్లి దొరికింది. అది మూడు నెలల తర్వాత దొరికిన మొదటి పెళ్లి. ఫోటోగ్రాఫరు బతుకులో ఒక రివాజు ఉంది. అందరి పంక్తులూ లేచి, వంటవాళ్లతో కలిసి ఆఖరి పంక్తిలో తినాలి. మధ్యాహ్నపు మాత్ర టైము పన్నెండు. ఆఖరి పంక్తి మూడు గంటలకు. డాక్టరమ్మ బెంగళూరు మనిషి, ఆమెకు ఆఖరి పంక్తి సంగతి తెలియదు. సంజీవప్పకు తెలుసు గాని, టైము తప్పకూడదు కదా అని పన్నెండింటికి స్తంభం చాటుకు పోయి ఖాళీ కడుపున మాత్ర మింగి వచ్చాడు.

గ్రూపు ఫోటోకు అందరూ నిలబడ్డారు. "గాలి పీల్చండి. పట్టండి" అన్నాడు. మండపం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో ఆయన ముందుకు తూలిపోయి, చేతికందిన కుర్చీలో కూలబడ్డాడు. అది జరీ గుడ్డ పరిచిన పెళ్లికొడుకు కుర్చీ. జనం గాలి పట్టుకొనే ఉన్నారు. సంజీవప్ప పెళ్లికూతురి పక్కన కూర్చొని, తలంబ్రాల పళ్లెంలోకి వాంతి చేసుకున్నాడు.

పెనుకొండ నుంచి వచ్చినవాళ్లలో ఎవరో, "పచ్చి బాలింత కదబ్బా, కండ్లు తిరగవా మరి!" అన్నారు. మండపమంతా నవ్వింది. పెళ్లికూతురు కూడా నవ్వింది. ఆ నవ్వు సంజీవప్పకు పక్కనుంచి స్పష్టంగా కనిపించింది.

ఆ రోజు నుంచి ఆయన మాత్ర మానేశాడు. భారతికి చెప్పలేదు. లెక్క తప్పకుండా రోజుకు మూడు విప్పి, స్టూడియో వెనకున్న కాలువలో వేసేవాడు. తనకు ఒక మగవాడి మీసం ఉందని, దానికొక మర్యాద ఉందని ఆయన అభిప్రాయం.

పన్నెండో రోజు. భారతి వేళ్లు చూపించింది.

"ఎన్ని?"

"మూడు."

"ఇప్పుడు?"

"రెండు."

రెండోసారి భారతి అసలు చెయ్యే ఎత్తలేదు. గంటె పక్కన పెట్టి ఆయన ముందుకొచ్చి కూర్చుంది.

"ఎన్నాళ్లయింది మానేసి?"

సంజీవప్ప సాంబారు వైపు చూశాడు. "వారం... పది... పన్నెండు. కాలవలో పారేస్తాండా. అందరూ నవ్వుతాండారే. మొగోణ్ని, ఆడోళ్ల మాత్ర ఎట్ల మింగేది?"

"బెంగళూరులో మన పక్కన బెంచీ మీద ఒక ముసలి హెడ్మాస్టరు కూర్చోలేదా? చేతులు వణుకుతాంటే కాఫీ అంతా పంచె మీద పోసుకొన్యాడే. ఆయన వణుకుడుకూ ఇదే మాత్ర, నీకంటే ఎక్కువే ఇస్తారంట. పోయి అడుగు, ఏమి సార్, మీకు కాన్పు ఎప్పుడయిందని."

సంజీవప్ప ముద్దను కంచంలో అటూ ఇటూ నెట్టాడు.

"ఏడేండ్లు నన్ను గొడ్డుమోతని అన్యారు. నీ పక్కన నిలబడే అన్యారు. నువ్వు ఒక్కరోజైనా, లోపం నాదేమో చూపించుకుంటానని అన్యావా? నేను ఏడేండ్లు మోసినాను. నువ్వు రెండు నెలల నవ్వుకే కాలవలో పోస్తాండావా?" అని ఆమె కంచంలో ఇంకో గంటెడు అన్నం పెట్టింది. "తిను. రేపు పొద్దున ఫస్టు బస్సుకు బెంగళూరు పోవాల."

డాక్టరమ్మ తిట్టింది. తిట్లన్నీ కన్నడంలో ఉండటం వల్ల సంజీవప్పకు కొంత మర్యాద మిగిలింది. పన్నెండు రోజులు మానాక ఒక్కసారిగా మూడు వేసుకోకూడదని, మళ్లీ అర మాత్ర నుంచి మొదలుపెట్టమని చెప్పింది. ఆఖరి పంక్తి కథ విని నుదురు కొట్టుకొని, "టైము కన్నా తిండి ముఖ్యం. లేదా మొదటి పంక్తిలో తినండి" అంది. భారతి మందుల షాపులో జరిగింది చెబితే, ఆమె కలం కింద పెట్టింది.

"బాలింతలకు పాలు ఎండగట్టేదానికి ఈ మాత్ర ఇవ్వొద్దని ఇప్పుడు చెబుతున్నామమ్మా. కొందరికి బీపీ ఒక్కసారిగా లేచి పక్షవాతం వచ్చింది. మీ షాపాయన ఎవరికైనా చీటీ లేకుండా ఇస్తున్నాడేమో, ముందు ఆయన్ను నిలదియ్యండి. మీ ఆయనకైతే ఇది సరైన మందే."

భారతి పెనుకొండలో దిగీ దిగగానే షాపుకు పోయి ఆ మాటలన్నీ వెంకటస్వామికి అప్పజెప్పింది. అప్పుడు కూడా షాపులో ఆరుగురున్నారు. బస్సేదీ లేదు. వెంకటస్వామి జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

నవంబరు చివర్లో పరీక్ష. సంజీవప్పను ఒక గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటను నొక్కమన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు చుక్కలకు నొక్కి, మిగతావి వాళ్లు వెలిగించలేదని వాదించిన మనిషి. ఈసారి ఆగకుండా నొక్కుతూనే ఉన్నాడు. బయట బెంచీ మీద భారతి ఆ టిక్కు టిక్కులు లెక్కపెట్టింది. నూటనలభై దాకా లెక్కపెట్టి, ఆపై కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని లెక్క తప్పింది.

స్కానులో గడ్డ సగానికి పైగా తగ్గింది. ఎడమ కంటి చివర ఒక మూల మాత్రం ఇంకా మసగ్గానే ఉంది. అది ఎప్పటికీ అంతేనేమో అంది డాక్టరమ్మ. ఆపరేషన్ అక్కర్లేదు. మాత్ర ఏళ్ల తరబడి వాడాలి, రక్తం పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

ఆ మరుసటి ఏడాది ఎండాకాలంలో భారతికి నెల తప్పింది. ఈ సంగతిలో పేరు కొట్టేద్దామని కదిరిలోనూ, పెన్నహోబిలంలోనూ ఉన్న దేవుళ్ల తరఫున చాలామంది ముందుకొచ్చారు. లక్ష్మీనరసమ్మ తన వెల్లుల్లి కారాన్ని కూడా లెక్కలో వేసింది. సంజీవప్ప ఎవరి మాటా కాదనలేదు. మొక్కులు చెల్లించాడు, మాత్ర మాత్రం మానలేదు.

1998 శ్రావణంలో వెంకటస్వామి తమ్ముడి కూతురి పెళ్లి, ధర్మవరంలోనే. ఊళ్లో మొహమాటం కొద్దీ సంజీవప్పనే పిలిచారు. పన్నెండు గంటలయింది. మగపెళ్లివారికి మొదటి పంక్తి వేశారు. సంజీవప్ప కెమెరా మెడకు వేలాడేసుకొని వచ్చి, పెళ్లికొడుకు తండ్రికీ ఒక రిటైర్డు తహశీల్దారుకూ నడుమ ఆకు ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. వంటవాడు అడ్డం వచ్చి, ఫోటోలోళ్లకు ఆఖర్న కదన్నా అన్నాడు. "నాకు ఇప్పుడే. పప్పెయ్" అన్నాడు సంజీవప్ప. నాలుగు ముద్దలు తిన్నాడు. జేబులోంచి మాత్ర తీసి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకొని, గ్లాసెత్తి నీళ్లు తాగాడు. పంక్తిలో ఒకరిద్దరు మోచేతులతో పొడుచుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు.

వడ్డన చూస్తున్న వెంకటస్వామి పరుగున వచ్చి ఆయన వెనక వంగాడు. పాత కేకలన్నీ మింగేసి, చెవిలో గొణిగాడు.

"ఏమప్పా సంజీవప్పా, మొదటి పంక్తిలో కూర్చొనేది కాక, వియ్యంకుల నడుమ ఆ మాత్ర తీసి మింగుతాండావే. రవ్వంత చాటుకు పోయి మింగకూడదా? మా ఇంటి పెళ్లి, చూసేటోళ్లు ఏమనుకుంటారు?"

సంజీవప్ప తల తిప్పకుండానే ఇంకో ముద్ద కలిపాడు.

"అనుకోనీ సామీ, అనుకునేటోళ్ల మొహాలు ఇప్పుడు నాకు రెండు పక్కలా కనపడతాండాయి."